హిట్లర్ చావు అందరికీ తెలుసు, భీం చావు ఎందరికి తెలుసు?

చరిత్రను తనకు తోచినట్టు మలచుకున్న సినిమా ఏది వచ్చినా తగాదా రెండు వాక్యాల దగ్గరే ఆగిపోతుంది. సినిమాను సినిమాగా చూడండి అన్నది ఒకటి. మా మహనీయుణ్ణి అవమానించారు అన్నది రెండోది. 2022 మార్చి 25న ‘ఆర్‌ఆర్‌ఆర్’ విడుదలైనప్పుడూ దేశమంతటా వినిపించినవి ఈ రెండే. అసలు ప్రశ్నను ఈ రెండూ తాకలేదు. అదేమిటో తెలియాలంటే హైదరాబాదు కంటే బిలాస్‌పూర్ మేలైన చోటు.

బిలాస్‌పూర్ రైలు కట్టిన ఊరు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచే పట్టాల వెంబడి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ వారి జీవితం. ఊరు దాటి ఉత్తరానికి సాగితే గోండుల పల్లెలు మొదలవుతాయి. గోండ్వానా గణతంత్ర పార్టీని స్థాపించిన హీరాసింగ్ మర్కామ్‌ను తానాఖార్ నుంచి శాసనసభకు పంపిన నేల అది. అంటే రాజమౌళి కథానాయకులు ఇద్దరికీ అక్కడ సొంతవాళ్లున్నారు. 1974 నాటి కృష్ణ సినిమాతో అల్లూరి సీతారామరాజు తెలుగు ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేశాడు. కొమురం భీం గోండులకు రక్తబంధువు. ఒకే తెర ముందు కూర్చున్నా ఈ ఇద్దరు ప్రేక్షకులకూ దక్కేది ఒకే సినిమా కాదు.

ఈ తేడా అర్థం కావడానికి ముందు మరో సినిమాను తలచుకోవాలి. క్వెంటిన్ టరాంటినో తీసిన ‘ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్’ 2009లో వచ్చింది. తనకు ప్రేరణనిచ్చిన చిత్రాల్లో అదొకటని రాజమౌళే చెప్పారు. అందులో యూదు సైనికులు నాజీల తలల చర్మం ఒలుస్తారు. హిట్లర్ బెర్లిన్ నేలమాళిగలో 1945 ఏప్రిల్ 30న కాక, 1944లోనే పారిస్‌లోని ఒక సినిమా హాల్లో తూటాలకు ఛిద్రమవుతాడు. చూసినవారిలో ఈలలు వేసినవారున్నారు, మండిపడినవారూ ఉన్నారు. విమర్శకుడు జోనథన్ రోజెన్‌బామ్ దాన్ని యూదుల మారణహోమాన్ని కాదనడంతో పోల్చాడు. బాధితులను హంతకుల ప్రతిబింబాలుగా మార్చారని డేనియల్ మెండెల్సన్ ‘న్యూస్‌వీక్’లో ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణ బరువైనదే. కానీ దానికి జవాబు ఆ చిత్రంలోనే ఉంది. హాలు తగలబడటానికి ముందు, తెర మీద ఒక జర్మన్ సైనికుడు శత్రువులను వరుసగా కాల్చి చంపుతుంటే హిట్లర్ పగలబడి నవ్వుతుంటాడు. కాసేపటికి అదే హాల్లో నాజీలు చస్తుంటే మన హాల్లో మనం నవ్వుతాం. ఆ నవ్వు గొంతులో ఇరుక్కోవాలనే దర్శకుడి ఉద్దేశం.

ఆ చేదు హాస్యం పనిచేయడానికి ఒక షరతుంది. హిట్లర్ నిజంగా ఎలా చచ్చాడో, ఆ చావు రాకముందు అరవై లక్షల మంది యూదులు ఎలా చచ్చారో చూసేవాడికి తెలిసి ఉండాలి. ప్రపంచానికి అది తెలుసు. న్యూరెంబర్గ్ విచారణల నుంచి బడిపిల్లల పాఠాల దాకా దాన్ని తెలియజెప్పే ఏర్పాటు ఉంది. కనుక తెర మీది అబద్ధం అబద్ధంగానే కనిపిస్తుంది. ఇలా జరిగి ఉంటే ఎంత బాగుండేదన్న కోరికా, జరగలేదన్న దుఃఖమూ ఒకేసారి కలుగుతాయి.

అల్లూరి విషయంలో తెలుగు ప్రేక్షకుడిది దాదాపు ఇదే స్థితి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకుపోయిన మనిషిని రాజమౌళి బ్రిటిష్ వారి పోలీసు అధికారిగా చూపించారు. ఇంతకు మించిన తలకిందులు ఉండదు. అయినా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగు కుర్రవాడు కూడా తికమకపడడు. మన్యం కథ ఇంట్లో పెద్దలు చెప్పిందే, పాత సినిమాలో చూసిందే. తెలంగాణ హైకోర్టులో పడిన ప్రజాప్రయోజన వ్యాజ్యం విడుదలకు ముందే వీగిపోవడం సబబే. తెలిసిన చరిత్రకు కల్పన వల్ల వచ్చే ముప్పు తక్కువ.

భీం సంగతి అలా కాదు. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో జాతీయోద్యమ అధ్యాయం తెరిస్తే గూడెం కొండల అల్లూరి కనిపిస్తాడు. అదే అధ్యాయంలో భీం లేడు. ఆయన పోరాడింది నిజాం పాలనతో, అటవీ, రెవెన్యూ అధికారుల దోపిడీతో. 1940లో జోడేఘాట్ దగ్గర ఆయన్ను చంపింది నిజాం బలగాలు. ఆ తిరుగుబాటు తర్వాతనే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. చదువు అక్కడికి ఎవరి దయతోనో రాలేదు, జోడేఘాట్ రక్తం తరువాత వచ్చింది. సినిమాలో భీం చివరికి రాజును ఏం కోరతాడు? తనవాళ్లకు చదువు చెప్పించమని. ప్రచారంలో ఉన్న జీవితకథ ప్రకారం అసలు భీం చాందా వెళ్లి, అచ్చు యంత్రం నడిపే విఠోబా దగ్గర పనిచేస్తూ చదవడం నేర్చుకున్నాడు. చదువు చేజిక్కించుకున్నవాణ్ణి చదువు అడుక్కునేవాడిగా మార్చడం, నిజాం స్థానంలో బ్రిటిష్ గవర్నర్ను నిలపడం కంటే పెద్ద మార్పు. దాని గురించి పెద్దగా రగడ జరగలేదు.

రగడ జరిగింది టోపీ మీద. 2020 అక్టోబరులో విడుదలైన ప్రచార చిత్రంలో భీం వేషధారి ముస్లిం టోపీతో కనిపించగానే నాటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు, నాటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ చిత్రబృందాన్ని హెచ్చరించారు. థియేటర్లు తగలబెడతామన్నంత దూరం మాటలు పోయాయి. భీం శత్రువు నిజాం అన్న వారి వాదనలో వాస్తవం ఉంది. ఆ వాస్తవాన్ని వారు వాడుకున్న తీరులో గోండు లేడు. నిజాం పాలనలోని అటవీ చట్టం, భూమి పట్టా, పశువులపై పన్ను వారి మాటల్లోకి రాలేదు. నిజాం మతం ఒక్కటే వచ్చింది. చరిత్రపై ప్రేమ ఉన్నవాడు టోపీ దగ్గర ఆగడు.

అభ్యంతరం చెప్పే గొంతు అందరికీ ఒకేలా దొరకదు కూడా. సినిమాలో బ్రిటిష్ వారిని రాక్షసులుగా చూపారని కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు రాబర్ట్ టూంబ్స్ ‘స్పెక్టేటర్’లో రాస్తే అది ఖండాంతరాలు దాటి చర్చకొచ్చింది. తానాఖార్ గోండు రైతుకు భీం చిత్రణ నచ్చకపోతే రాసుకోవడానికి ‘స్పెక్టేటర్’ లేదు. ఆ ఖాళీలోకి రాజకీయ నాయకుడో ప్రభుత్వమో దూరుతుంది. ఛత్తీస్‌గఢ్‌కు ఇది కొత్త కాదు. అబద్ధమాడనని ఒట్టు పెట్టుకున్న దొంగ ఆ ఒట్టు కోసమే ప్రాణం పోగొట్టుకునే నాటకం, హబీబ్ తన్వీర్ ‘చరణ్‌దాస్ చోర్’. 1975 నుంచి నవ్వుతూ కన్నీరు పెట్టించిన ఆ నాటక పుస్తకాన్ని, సత్‌నామీ గురువు ఒకరు అభ్యంతరం చెప్పారని 2009 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. తన్వీర్ కన్నుమూసి అప్పటికి రెండు నెలలే. టరాంటినో సినిమా అమెరికాలో విడుదలైందీ ఆ నెలలోనే. సత్‌నామీల నొప్పి నిజమే కావచ్చు. దాన్ని వినడానికి సభ పెట్టవచ్చు, వారి చరిత్ర వారే రాసుకునేందుకు తోడ్పడవచ్చు. నిషేధానికి ఒక సంతకం చాలు, పైసా ఖర్చు లేదు.

‘ఆర్‌ఆర్‌ఆర్’ను నిషేధించి ఉండాల్సిందని దీని అర్థం కాదు. కల్పనకు హద్దులు గీసే అధికారం ప్రభుత్వానికి ఇస్తే మొదట పోయేది తన్వీర్ నాటకమే, రాజమౌళి సినిమా కాదు. కోట్ల పెట్టుబడికి లాయర్లు ఉంటారు. ప్రశ్న తెర బయట ఉంది. తెర మీది భీం తప్పని గుర్తించగలిగేంత చరిత్ర బిలాస్‌పూర్ బడిలో ఒక గోండు పిల్లవాడికి దొరుకుతోందా? దొరికితే సినిమా ఎంత అడ్డంగా అబద్ధమాడినా వాడు నవ్వుకుని ఇంటికి వెళతాడు. దొరకకపోతే సినిమాయే వాడి పాఠ్యపుస్తకం అవుతుంది, రాజుగారి దగ్గర చదువడిగే భీమే వాడి తాత అవుతాడు.

భీం పేరుతో ముడిపడిన నినాదం జల్, జంగల్, జమీన్. సినిమాకు అయిదు నెలల ముందు, 2021 అక్టోబరులో, హస్‌దేవ్ అడవి పల్లెల ఆదివాసులు బొగ్గు గనులు వద్దంటూ మూడు వందల కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరుకున్నారు. వారిలో గోండులూ ఉన్నారు. థియేటర్లలో భీం గర్జనకు ఈలలు మోగిన ఆ మార్చి చివరి వారంలోనే, కాంగ్రెస్ పాలనలోని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అదే అడవిలో పర్సా ఈస్ట్, కాంతా బాసన్ గని రెండో దశకు 1,136 హెక్టార్ల అటవీ భూమిని అప్పగించింది. ఆ బొగ్గు అప్పట్లో కాంగ్రెసే ఏలుతున్న రాజస్థాన్ విద్యుత్ కేంద్రాలకు వెళ్లాల్సింది. టోపీ మీద విరుచుకుపడిన పార్టీ కేంద్రంలో అధికారంలో ఉంది, గనికి అటవీ అనుమతులిచ్చింది ఆ కేంద్రమే. పక్కనున్న పర్సా గని భూసేకరణను ప్రశ్నించిన పిటిషన్లు బిలాస్‌పూర్‌లోని హైకోర్టుకు వచ్చాయి. 2022 మే నెలలో కోర్టు వాటిని కొట్టివేసింది. సినిమా అప్పటికింకా ఆడుతూనే ఉంది.