బండి నీడ్చిన తల్లి

యుద్ధనాటకమనగానే మనకు రాజులును, సేనాపతులును, శంఖారావములును స్ఫురించును. ఈ మాసము మేము ముచ్చటింపదలచిన నాటకమున వీరెవ్వరును ప్రధానులు గారు. రొట్టెలు, సారాయి, నడికట్లు బండిలో బెట్టుకొని సేనల వెంట దిరిగి యమ్ముకొను నొక స్త్రీయు, ఆమె బిడ్డలు మువ్వురును, ఇంతియే ఆ కుటుంబము. జర్మను కవి బెర్టోల్ట్ బ్రెహ్ట్ 1933లో స్వదేశమును విడిచి, 1939లో స్వీడనునందు దలదాచుకొనియున్నప్పుడు దీనిని రచించెను. పేరును ‘ధైర్యమాతయు నామె బిడ్డలును’ అని తెనిగింపవచ్చును.

కథ 1624లో స్వీడనులోని దలార్న సీమయందు మొదలై, 1636లో జర్మనీయందలి హాలె పట్టణము చెంత ముగియును. ఐరోపాను ముప్పదియేండ్లు దహించిన యుద్ధమది. తల్లి నడికట్టు బేరమున మునిగియుండగా పెద్దకొడుకును సైన్యమువారు పిలుచుకొనిపోవుదురు. రెండవవాడు సైన్యపు ధనపేటికను దాచి శత్రువులకు జిక్కును. విడుదలకు 200 గుల్డెనులు కావలెను. బండి పోయినచో బ్రతుకుటెట్లని తల్లి 120కి బేరమాడును. తుదకు నంతయు నిత్తునని కబురంపునప్పటికి తుపాకులు మ్రోగును. పిమ్మట శవమును దెచ్చి, వీనినెఱుగుదువా యని యడిగినప్పుడు, తన ప్రాణమునకై ఎఱుగనని తల యడ్డముగా నూపవలసివచ్చును.

దీనిని రంగస్థలమున జూపుటెట్లు? 1941 ఏప్రిలు 19న జూరిచ్ నగరమున తెరేసె గీజె యను నటీమణి యీ పాత్రను తొలిసారి ధరించినప్పుడు, పుత్రశోకమూర్తియని విమర్శకులు కీర్తించిరి. కవికది రుచింపలేదు. యుద్ధముచే బ్రతుకుచు యుద్ధమునకే బిడ్డల నర్పించినదని జనులు గ్రహింపవలెనని యాతని పట్టు. తొలిప్రతిలో క్షతగాత్రుల కట్లకై చొక్కాల నామెయే చింపియిచ్చును. మార్చిన ప్రతిలో ఈయనని పెనగులాడును.

1949 జనవరి 11న బెర్లినులో కవి భార్య హెలెనె వైగెల్ ఆ పాత్రను ధరించెను. తుపాకులు మ్రోగగానే ఆమె తల వెనుకకు వాల్చి నోరు తెఱచినది. కేక మాత్రము వెలువడలేదు. సింగపూరుపై గుండ్లు గురిసిననాడు కొడుకు శవముపై వంగియున్న యొక భారతస్త్రీ ఛాయాపటము పత్రికలో బడినది. ఈ యభినయమునకు బహుశః ఆ పటమే మూలమని ఆ ప్రదర్శనపు వ్రాతలలో గలదు. మలయా, సింగపూరులకు గూలికి బోయినవారిలో దెలుగువారును గలరు గదా! ఇది చదివినప్పుడు మాకు కొంతసేపు చేతిపని సాగలేదు.

స్త్రీపర్వమున గాంధారికి నోరార నేడ్చు స్వాతంత్ర్యమైన నున్నది. కుంతికి, కర్ణుడు కూలినదాక తన బిడ్డయని నలుగురిలో జెప్పుటకు నోరు రాలేదు. తర్పణములవేళకు గాని యా మాట వెలువడలేదు. ధైర్యమాతకా తర్పణపువేళయు లేకపోయెను.

కూతురు కాట్రిన్ మూగది. రాత్రివేళ శత్రుసేన నిద్రించు హాలెపై బడబోవుచుండగా, ఆ పిల్ల ఇంటికప్పెక్కి, నిచ్చెనను పైకి లాగికొని, డోలు వాయించి పట్టణమును మేల్కొల్పి, గుండుదెబ్బకు గూలును. మాటలాడువారందఱును మోకరిల్లి ప్రార్థించుచుండగా మాట రానిది చేసిన పని యిది! ఆ వేళ తల్లి సరకు కొనుటకు పట్టణమునకు బోయియున్నది.

పాతిపెట్టుటకై రైతుల కిచ్చునప్పుడు వైగెల్ తోలుసంచినుండి నాణెములు దీసి, చూచుకొని, ఒకటి మరల సంచిలో వేసికొనెడిదట. కవి దీనిని చూపి మనచే నామెను నిందింపజేయ నెంచెనేమో. ఉప్పు పప్పులకు లెక్క చూచుకొను చేతులు గలవారమగుటచే మాకు నింద రాలేదు. ఆ యొక్క నాణెమునకే కంట నీరు వచ్చినది. ఈ విషయమున కవితో మాకు సమ్మతి లేదు.

మన మహిళాసమాజములవారు దీని నాడదలచినచో, ఖరీదైన తెరలు వలదు, బండి యొక్కటి చాలును. మొదట దానిని కొడుకులిద్దఱును లాగుదురు. బెర్లినులో తిరుగుడు రంగస్థలముపై తుదిని తల్లి యొక్కతియే దానిని లాగుకొనిపోయినది. పెద్దకొడుకును, యుద్ధమున మెప్పు దెచ్చిన దోపిడినే శాంతివేళ జేసినందులకు, అదివఱకే మరణశిక్షకు గొనిపోయిరి. వాడు బ్రదికియున్నాడనియే యామె తలపు. ఎవరును జెప్పలేదు.