హార్మోను పట్టీ మనకు పరాయిదేనా?

నలభై అయిదు దాటిన గృహిణికి ముఖమూ మెడా వేడెక్కి, ఒంట్లో ఆవిర్లు పుట్టి, అర్ధరాత్రి చెమటతో తడిసి మెలకువ వస్తే "వేడి చేసింది, మజ్జిగ త్రాగు" అనడం మన ఇళ్ళలో పరిపాటి. 12వ ఏట మొదలైన రజస్సు 50వ ఏట క్షీణిస్తుందని సుశ్రుతుడు చెప్పాడు. దానిని వ్యాధిగా గాక వయసుతో వచ్చే పరిణామంగానే పేర్కొన్నాడు. శతావరి చూర్ణం, నువ్వులు, రాగిజావ, కాఫీ తగ్గించడం, వేళకు నిద్ర - వీటితోనే ఆ కొన్ని సంవత్సరాలూ దాటినవారు మనలో ఎందరో ఉన్నారు.

అయితే 50వ ఏటి వరకు ఆగనివ్వక, కత్తితో ముందే ముట్లుడిగించిన స్త్రీల మాట ఏమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మండుగురు, తెలంగాణలో ఎనిమిదిమంది. గర్వించదగిన స్థానం కాదిది! వీరిలో అండాశయాలు కూడా తీసివేయబడినవారికి, ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గవలసిన ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది.

మా బంధువు ఒకామెకు 37వ ఏట ఈ శస్త్రచికిత్స జరిగింది. ఆవిర్లకు శతావరి వాడమని చెప్పినవారిలో నేనూ ఉన్నాను. ఏడేళ్ళ తరువాత స్నానాల గది గడప దగ్గర జారిపడితే మణికట్టు విరిగింది. ఎముకలు అప్పటికే గుల్లబారాయన్నారు. వనమూలిక పోయిన అండాశయానికి బదులు కాజాలదని ఆనాడు గ్రహించాను. ఇటువంటివారికి, వేరే అభ్యంతరం లేనిచో, సహజంగా ముట్లుడిగే వయసు వరకైనా హార్మోను ఇవ్వాలనేది నేటి వైద్యుల మాట.

దానిని ఇచ్చే మార్గాలలో చర్మపు పట్టీ ఒకటి. పొత్తికడుపు మీదనో పిరుదు మీదనో అంటించి, రకాన్ని బట్టి వారానికి ఒకటి రెండుసార్లు మార్చుకోవాలి. రొమ్ముపై అంటించరాదు. మాత్రలోని మందు ముందుగా కాలేయానికి చేరుతుంది. పట్టీలోనిది నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుచేత రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రతో కంటే తక్కువని పరిశీలనలు చెబుతున్నాయి. తైలమర్దనం, లేపనం తెలిసిన మనకు ఈ పద్ధతి వింతగా తోచనక్కరలేదు. మన ఎండలకు చెమట పట్టి పట్టీ ఊడినా, చర్మం దురద పెట్టినా, అదే పని చేసే జెల్ ఉన్నది.

క్యాన్సరు భయం మాట. 2002లో అమెరికాలో మధ్యలో నిలిపివేసిన పెద్ద పరిశోధనలో ఇచ్చినవి పట్టీలు కావు, రెండు హార్మోన్లు కలిసిన మాత్రలు. అందులోని స్త్రీల సగటు వయసు 63. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన భాగం ఫలితాలు 2004లో వచ్చాయి. పక్షవాతం ముప్పు కొంత పెరిగింది గాని రొమ్ము క్యాన్సరు పెరగలేదు. ముప్ఫై ఏడేళ్ళ స్త్రీని ఆ వార్తలతో బెదరగొట్టడం న్యాయం కాదు.

అంతమాత్రాన పొరుగింటావిడ చీటీ చూపి కొనుక్కోదగిన వస్తువూ కాదిది. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, రక్తపు గడ్డలు, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యుని ముందే హెచ్చరించాలి. గర్భసంచి ఉన్నవారు ప్రొజెస్టెరాన్ కూడా తీసుకోనిచో గర్భసంచి లోపొర పెరిగి క్యాన్సరుకు దారితీయవచ్చు. ముట్లుడిగిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, కషాయం కాచుకుంటూ కూర్చోక పరీక్ష చేయించుకోవాలి. శతావరి కూడా వాడుతూంటే ఆ సంగతి దాచకండి.

శస్త్రచికిత్స జరిగిన సోదరీమణులలో చాలామందికి తమ అండాశయాలు ఉన్నవో లేవో తెలియదు. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో అది వ్రాసి ఉంటుంది. మా బంధువు కాగితం ట్రంకుపెట్టెలో పట్టుచీరల క్రింద దొరికింది. రెండూ తీసివేసినట్లు అందులో స్పష్టంగా ఉన్నది. అన్నేళ్ళలో ఆమెను ఆ కాగితం చూపమని అడిగినవారు లేరు, నాతో సహా.