ప్రమాణాలు ఉన్నాయి, మీటర్లే లేవు

నగరాలకు నీరు ఎలా అందాలో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లోనే ప్రమాణాలు పెట్టింది. మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, ప్రతి కనెక్షన్‌కూ మీటరు, లెక్కకు రాని నీరు 20 శాతం లోపు. అంతకు ఏడాది ముందు 20 నగరాలను పోల్చి చూస్తే సగటు సరఫరా రోజుకు 4.3 గంటలే.

పదమూడో ఆర్థిక సంఘం గ్రాంట్లలో కొంత భాగాన్ని ఈ సేవా ప్రమాణాలకు ముడిపెట్టింది. మంచిదే. అయితే షరతు లక్ష్యాలను ప్రకటించమని మాత్రమే, చేరుకొమ్మని కాదు. ప్రకటించడం ఎవరికి కష్టం?

అసలు చిక్కు మరొకటి. మీటరు లేనిచోట లీకేజీని ఇంజనీరు అంచనాగానే రాయాలి. ఒక మున్సిపాలిటీ నిజాయితీగా 45 శాతమని రాసిందనుకుందాం, జాబితాలో అడుగుకు పోతుంది. పక్క ఊరు 18 అని రాసి మెప్పు పొందుతుంది.

ఇంగ్లండులో 1989లో నీటి కంపెనీలను ప్రైవేటుపరం చేసినప్పుడే ఆఫ్‌వాట్ అనే నియంత్రణ సంస్థను పెట్టారు. అది కంపెనీల పనితీరును పక్కపక్కన పెట్టి చూస్తుంది. వెనుకబడినవి బిల్లు తగ్గించాల్సి వస్తుంది. అయినా అక్కడి నదుల్లోకి మురుగు పోతూనే ఉంది, అది వేరే కథ. మన మున్సిపాలిటీలు మాత్రం తమ మార్కులు తామే వేసుకుంటున్నాయి.

మేము కోరేది చిన్నదే. ఈ అంకెలను బయటి ఆడిటర్లు తనిఖీ చేయాలి. ఏ వార్డుకు ఎన్ని గంటలు నీరు వచ్చిందో ప్రతి నెలా వార్డు ఆఫీసు గోడమీద రాయాలి. అది నిజమో కాదో బిందెతో కుళాయి దగ్గర నిలబడ్డ తల్లి చెబుతుంది.