వెనక తలుపుకు గడపేదీ?

తొలకరి పడిందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకే రకం ఫొటో. పార్కింగ్‌లో స్కూటీ పక్కన చుట్ట చుట్టుకున్న పాము. కింద యాభై మెసేజీలు. గంటలో ఎవరో ఒకరు కార్బాలిక్ యాసిడ్ సీసాలు తెచ్చి గోడ వెంట చల్లిస్తారు. ఆ ఘాటుకు రెండు రోజులు ముక్కు మూసుకుని నడుస్తాం. మూడో రోజు వానకు ఘాటు పోతుంది. ఎలుకలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఈ యాసిడ్ మీద మనకున్న నమ్మకం నాకు అంతుపట్టదు. దాని వాసనకు పాములు ఇంటి వైపు రావనడానికి గట్టి ఆధారం లేదు. మనకు మాత్రం అది ప్రమాదమే. ఒంటి మీద పడితే కాలుతుంది, చర్మం గుండా లోపలికి చేరి విషమవుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో గుమ్మం దగ్గర దాన్ని పోస్తామా? నాఫ్తలీన్ ఉండలదీ అదే కథ, పిల్లలు పిప్పరమెంటు అనుకుని నోట్లో వేసుకుంటారు. వాటికన్నా వెల్లుల్లి నీళ్లే నయం. పని చేయకపోయినా ఎవరినీ కాల్చవు.

పాము మన కోసం రాదు. ఎలుక కోసమో, కప్ప కోసమో వస్తుంది. కన్నంలోకి నీళ్లు చేరితే పొడి చోటు వెతుక్కుంటూ వస్తుంది. ఊరి చివర మనం ఇళ్లు కట్టుకున్న వెంచర్లన్నీ నిన్నటి పొలాలే కదా! పక్క ఖాళీ ప్లాటులో ముళ్ల పొదలు, అందులో మనమే విసిరేసిన చెత్త సంచులు. ఎలుకలకు అంతకన్నా ఏం కావాలి?

ఇక లోపలికి దారి. వీధి తలుపుకు టేకు గడప పెట్టి, పసుపు రాసి బొట్లు పెడతాం. వెనక తలుపుకు గడపే ఉండదు. కడిగిన నీళ్లు బయటికి తోసేయడానికి వీలుగా ఉంటుందని మేస్త్రీ అంటే సరేనంటాం. ఆ తలుపు కింద చిటికెన వేలు దూరే సందుంటే చాలు, పిల్ల పాముకు అదే సింహద్వారం. మాది గ్రౌండ్ ఫ్లోర్. తలుపు అడుగున రబ్బరు పట్టీ కొట్టించాను. బాత్‌రూంలో ఊడిపోయిన జాలీ మార్పించాను. ఏసీ పైపు కన్నం చుట్టూ సిమెంటు పెట్టించాను. అంతా ఒక పూట పని. వెనకాల పేర్చిన పాత టైల్స్, అట్టపెట్టెలు తీయడానికి మాత్రం ఆదివారమంతా పట్టింది, ఇంట్లోవాళ్ల సణుగుడుతో సహా.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అందులో దాదాపు సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యవే. ఇళ్ల విషయంలో నాకు ఎక్కువ భయం కట్లపాము. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవారిని కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి మొదలవుతుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. గ్యాస్ అనుకుని మాత్ర వేసి పడుకోబెడితే ఊపిరి ఆగే స్థితి రావచ్చు. వానాకాలంలో ఈ లక్షణాలు కనిపిస్తే పసరు, బిగుతు కట్టు, గాటు కోయడం ఏవీ వద్దు. కాటేసిన చోటు తెలిస్తే కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, యాంటీ వీనమ్, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

మరి మన అపార్ట్‌మెంట్లో నేల మీద నిద్రపోయేదెవరు? మనం కాదు. మెట్ల కింద గదిలో వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు. ఆ గది తలుపు కింద సందులోంచి పిల్లి కూడా వెళ్తుంది. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర వాళ్లకు ఏ యాసిడ్ కన్నా మంచి రక్ష. నేపాల్‌లోని తరాయి ప్రాంతంలో జరిగిన అధ్యయనంలోనూ దోమతెరలో పడుకున్నవారికి కాటు ముప్పు బాగా తగ్గినట్లు తేలింది.

ఈసారి యాసిడ్ చందాతో వాచ్‌మన్ గదికి రెండు మంచాలు, దోమతెరలు కొందామని గ్రూపులో రాశాను. ముగ్గురు బొటనవేలు చూపించారు. ఒకాయన మాత్రం ఆ ఖర్చు మెయింటెనెన్స్ కింద రాయాలా, సెక్యూరిటీ కింద రాయాలా అని అడిగారు.