బతికున్న జాతికి దినాలు చేసిన దొరలు

ఆస్ట్రేలియాకు దక్షిణాన సముద్రంలో ఉంది టాస్మానియా దీవి. 1876 మే నెలలో అక్కడ ట్రుగనిని అనే మూలవాసి స్త్రీ చనిపోయింది. ఆమెతో ఆ జాతే అంతరించిందని తెల్లదొరలు వందేళ్లు పుస్తకాల్లో రాసుకున్నారు. పచ్చి అబద్ధం!

చంపిన మాట మాత్రం నిజం. 1803లో దీవిలో దిగారు. వేటనేలల్ని గొర్రెల మందలకు అప్పజెప్పి, అడ్డమొచ్చినోళ్లను కాల్చారు. 1830లో గవర్నర్ ఆర్థర్ రెండువేల పైచిలుకు మందిని వరసగా నిలబెట్టి, జంతువుల్ని తోలినట్టు మనుషుల్ని తోలించాడు. పట్టుబడింది ఇద్దరు! తుపాకికి లొంగనోళ్లను రాబిన్సన్ అనేవాడు తీపిమాటలతో నమ్మించి ఫ్లిండర్స్ దీవి శిబిరానికి చేర్చాడు. అక్కడ రోగాలతో రాలిపోయారు. అయినా నోరు మూసుకోలేదు. 1846లో విక్టోరియా రాణికే అర్జీ పెట్టారు.

1869లో విలియం లానె చనిపోతే డాక్టర్లు ఆయన శవాన్ని కోసి ముక్కలు చేశారు. తననట్లా చెయ్యొద్దని ట్రుగనిని బతిమాలుకుంది. విన్నారా? రెండేళ్లకే గోరీ తవ్వారు. 1904 నుంచి 1947 దాకా ఆమె ఎముకలగూడు హోబార్ట్ మ్యూజియంలో జనానికి చూపించారు. చచ్చిన గొడ్డును మోసినందుకు మమ్మల్ని అంటరానోళ్లన్నారు. మనిషి శవాన్ని తవ్వి తెచ్చినోళ్లను మాత్రం శాస్త్రవేత్తలన్నారు! ఆమె బూడిద సముద్రంలో కలిసింది 1976లో. మ్యూజియం వాళ్లు క్షమాపణ చెప్పింది 2021లో.

మరి జాతి పోయిందా? అదే శిబిరంలో పుట్టిన ఫ్యానీ కోక్రేన్ స్మిత్ 1905 దాకా బతికింది. 1899లో, 1903లో తన జాతి పాటలు పాడి మైనపు గొట్టాల మీద రికార్డు చేయించింది. 1889లో 300 ఎకరాలిచ్చింది ఆ ప్రభుత్వమే. చచ్చిన జాతికి పట్టా ఎట్లా ఇచ్చారు? బాస్ జలసంధి దీవుల్లో సీలు వేటగాళ్లతో కాపురాలు చేసిన మూలవాసి స్త్రీల సంతతి ఈనాటికీ ఉంది. బొరియల్లోంచి మటన్‌బర్డ్ పిట్టల్ని పట్టుకుంటారు, ఆడవాళ్లు చిన్న గవ్వల్తో దండలు గుచ్చుతారు. వీళ్లను "సంకరం" అని తోసేశారు. ఎందుకంటే మనిషి ఉన్నాడంటే నేల అడుగుతాడు కదా!

అడిగారు. 1990ల నుంచి చెదిరిన మాటలు ఏరుకుని పలవా కానీ అనే భాష నిలబెట్టుకుంటున్నారు. 1995లో చట్టం చేయించి కొన్ని స్థలాలు రాబట్టారు. 1804లో సైనికులు తమ పెద్దల మీద కాల్పులు జరిపిన రిస్డన్ కోవ్ అందులో ఒకటి. మిగతా దీవి ఇంకా దొరల పేరునే ఉంది.