సంఘం మారిన సహోదరి మనకు పరాయిదా?



ఈ మధ్య మన ఇబ్రహీంపట్నం సంఘంలో స్త్రీల కూడిక జరిగినప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. మన సండే స్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పి బహుమతులు తీసుకున్న ఒక అమ్మాయి ఆర్‌సీఎం కుటుంబానికి కోడలై, ఇప్పుడు ఆ చర్చికే వెళ్తోంది. ప్రార్థన పుస్తకంలో ఆమె పేరు రాగానే, "ఆ పిల్ల మరియమ్మ దగ్గరికి పోయింది కదా, ఇంకా మన పుస్తకంలో ఎందుకు?" అని ఒకరన్నారు. పేరు కొట్టేశారు. మేము అక్కడే ఉన్నాం. నోరు విప్పలేదు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. సెమినరీలో సంఘ చరిత్ర చదివేటప్పుడు విన్న ఒక తల్లి గుర్తుకొచ్చింది. ఆమె పేరు ఎలిజబెత్ సీటన్. మనవంటి ప్రొటెస్టెంట్ సంఘంలోనే పెరిగి, తర్వాత కేథలిక్ అయిన స్త్రీ.

ఎలిజబెత్ 1774లో న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి డాక్టర్. పంతొమ్మిదేళ్ళకు విలియం సీటన్ అనే వ్యాపారస్థుడితో పెళ్ళయింది. ఐదుగురు పిల్లలు పుట్టారు. మామగారు చనిపోతే భర్త తమ్ముళ్ళను, చెల్లెళ్ళను కూడా తన ఇంట్లోనే పెట్టుకుని పెంచింది. 1797లో న్యూయార్క్‌లో కొందరు స్త్రీలు కలిసి పేద విధవరాళ్ళకు, వాళ్ళ పసిపిల్లలకు సహాయం చేయడానికి ఒక సమాజం మొదలుపెడితే, దాని డబ్బు లెక్కలు చూసింది ఈమే. కొన్నేళ్ళకే తానూ అలాంటి విధవరాలు అవుతుందని ఆమెకేం తెలుసు?

భర్త వ్యాపారం దివాళా తీసింది. క్షయ ముదిరింది. గాలి మారితే మేలని 1803లో భర్తను, ఎనిమిదేళ్ళ పెద్దకూతురిని వెంటబెట్టుకుని ఓడలో ఇటలీకి బయలుదేరింది. లివోర్నో రేవులో దిగగానే, న్యూయార్క్‌లో పచ్చజ్వరం ఉందన్న భయంతో అధికారులు వాళ్ళను క్వారంటైన్‌లో పెట్టారు. కరోనా రోజుల్లో ఆ మాట ఎంత బరువైనదో మనకు తెలిసింది. చలి గోడల మధ్య, దగ్గుతో రక్తం కక్కుతున్న భర్త పక్కన కూర్చుని ఆమె బైబిలు చదివింది, ప్రార్థన చేసింది. దాదాపు నెల రోజుల తర్వాత బయటికి వదిలారు. ఇంకో వారం గడిచిందో లేదో, డిసెంబరు 27న పీసా పట్టణంలో అతను కన్నుమూశాడు.

పరాయి దేశంలో ఆ తల్లీబిడ్డలను చేరదీసింది ఫిలిక్కి అనే కేథలిక్ కుటుంబం. వాళ్ళతో ఉంటూ వాళ్ళ ఆరాధన చూసింది. ప్రభువు బల్లలో ప్రభువు నిజంగా ఉన్నాడన్న వాళ్ళ నమ్మకం ఆమె మనసును పట్టుకుంది. న్యూయార్క్‌కు తిరిగొచ్చాక ఆమె సంఘ కాపరి ఎంతగానో నచ్చజెప్పాడు. ఆమె ఒక్కరోజులో తేల్చుకోలేదు. నెలల తరబడి నలిగిపోయి, చివరికి 1805 మార్చిలో కేథలిక్ సంఘంలో చేరింది.

తర్వాత జరిగింది మనం జాగ్రత్తగా చూడాలి. బంధువుల్లో చాలామంది మొహం తిప్పుకున్నారు. ఐదుగురు పిల్లల కడుపు నింపడానికి ఆమె బడి పని పట్టుకుంటే, కేథలిక్ అయిందని తెలిసిన తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించేశారు. వాళ్ళెవరు? ఆదివారం ఆరాధనకు తప్పకుండా వెళ్ళే మనవంటి విశ్వాసులే. విధవరాలిని పరామర్శించడమే భక్తి అని యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో చదివినవాళ్ళే.

బతుకుతెరువు వెతుక్కుంటూ ఆమె 1808లో బాల్టిమోర్ వెళ్ళింది. మరుసటి ఏడు ఎమిట్స్‌బర్గ్ అనే పల్లెలో సిస్టర్ల సమాజం ప్రారంభించి, పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడి పెట్టింది. ఇద్దరు కూతుళ్ళను అక్కడే మట్టికి అప్పగించింది. 1821లో, నలభై ఆరేళ్ళకు తానూ క్షయతోనే ప్రభువునందు నిద్రించింది. 1975లో కేథలిక్ సంఘం ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. మన తెలుగు నేల మీద, గుంటూరు జిల్లా ఫిరంగిపురంలో 1822లో జ్ఞానమ్మ గారు పుట్టారు. ఆమె పుట్టుకతోనే కేథలిక్. ఆమెకూ ఐదుగురు పిల్లలే, ఆమే విధవరాలే. ఆడపిల్లకు చదువెందుకు అనే ఆ రోజుల్లో తమిళనాడులోని కీళచ్చేరిలో, తర్వాత ఫిరంగిపురంలో ఆడపిల్లల బడులకు పునాది వేశారు. సెయింట్ ఆన్స్ సిస్టర్ల సమాజాలకు ఆమే మూలం. మన ఇళ్ళల్లో కూడా సిస్టర్ల దగ్గర చదువుకున్నవాళ్ళు ఉన్నారు. పిల్లలకు సీటు కావాలంటే సిస్టర్ల బడి గేటు ముందు వరుసలో నిలబడతాం, వాళ్ళ విశ్వాసం మాట వస్తే మాత్రం ఎగతాళి చేస్తాం. ఇది న్యాయమా?

"అయ్యగారూ, అయితే అన్నీ ఒకటేనా?" అని మీరడగవచ్చు. కాదు. మరియమ్మను ధన్యురాలని పిలుస్తాం, కానీ ఆమెకు ప్రార్థన చేయం. దేవునికీ మనుష్యులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే. కృపచేత, విశ్వాసం ద్వారానే రక్షణ. ఈ బోధలో మేము వెంట్రుకవాసి కూడా సడలించం. ఎలిజబెత్ చేసిన ఎంపిక మేము చేయం. అయినా బోధలో తేడా ఉన్నందుకు మనిషిని వెలివేయమని ప్రభువు చెప్పలేదు. మనతో కూడ తిరగనివాడు నీ పేరట పని చేస్తున్నాడని యోహాను ఫిర్యాదు చేస్తే, ఆటంకపరచవద్దనే ప్రభువు చెప్పాడు. మార్కు తొమ్మిదో అధ్యాయం తీసి చూడండి.

ఇంకో సంగతి. ఆర్‌సీఎం నుంచి మన దగ్గరికి వచ్చినవాళ్ళు సాక్ష్యం చెబితే హల్లెలూయా అంటాం. సొంత జనాన్ని విడిచి అత్త వెంట నడిచిన రూతు మీద ప్రసంగాలు చేస్తాం. మన ఇంటి నుంచి ఒకరు అటు వెళ్తే మాత్రం పేరు కొట్టేస్తాం.

పైగా ఎలిజబెత్ తనంతట తాను వెతికి, తేల్చుకుని వెళ్ళింది. మన అమ్మాయిని అడిగిందెవరు? సంబంధం కుదిర్చేటప్పుడు పొలం ఎంత, ఉద్యోగం ఏంటి, కట్నం ఎంత అని అడిగాం. ఏ చర్చికి వెళ్తావమ్మా, నీ మనసులో ఏముంది అని అడగలేదు. పెళ్ళి భోజనం మనమూ తిన్నాం. అత్తగారింట్లో ఒద్దికగా ఉండమని నేర్పింది మనమే, ఉన్నందుకు నిందిస్తున్నదీ మనమే.

అందుకే ఒప్పుకుంటున్నాం. ఆ రోజు మా మౌనం తప్పు. ఆ పేరును మా చేత్తోనే మళ్ళీ రాశాం. ఆమె పుట్టింటికి వచ్చినప్పుడు అమ్మగారూ మేమూ వెళ్ళి పలకరిస్తాం. వాదించడానికి కాదు, ఆమెతోనూ పిల్లలతోనూ కలిసి ప్రార్థన చేయడానికి. మీలో ఎవరింట్లోనైనా ఇలా కొట్టేసిన పేరు ఉంటే, ఈ వారం ఒక్క ఫోను చేయండి.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.