సూది మారిస్తే చాలదు

2019 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం రతోదేరోలో, జ్వరం ఎంతకీ తగ్గని పసిపిల్లలకు రక్తపరీక్షలు చేస్తే హెచ్ఐవీ బయటపడింది. కొన్ని నెలల్లోనే బాధితులు వందలు దాటారు. ఎక్కువమంది అయిదేళ్లలోపు వాళ్లే. తల్లులను పరీక్షిస్తే అత్యధికుల్లో వైరస్ లేదు. అంటే బిడ్డలకు అది తల్లి కడుపులో అంటలేదు, వైద్యం కోసం వెళ్లిన చోట అంటింది. వాడిన సిరంజీలను, సెలైన్ గొట్టాలను మళ్లీ వాడడమే ప్రధాన కారణమని పరిశీలకులు తేల్చారు.

ఇది పొరుగు దేశానికే పరిమితమైన ఘోరం కాదు. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి ఇలాగే వ్యాపించి పదుల సంఖ్యలో ప్రాణాలు తీసింది.

కొత్త సూది బిగించారు కదా, భయమేముందని చాలామంది అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒంట్లో గుచ్చిన సూది ద్వారా కంటికి కనిపించనంత రక్తం వెనక్కి, సిరంజీలోకి చేరవచ్చు. సూది మార్చి అదే సిరంజీతో ఇంకొకరికి మందు వేస్తే ఆ రక్తమూ వెళ్తుంది. దాన్నే మందు సీసాలో గుచ్చితే సీసా అంతా కలుషితం. ఆ తర్వాత ఎన్ని కొత్త సిరంజీలు విప్పినా రక్షణ లేదు.

మనం హెచ్ఐవీకి భయపడినంతగా హెపటైటిస్‌కు భయపడం. రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్-బి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. అందుకే ఒకరి రేజరు మరొకరు వాడకూడదు, పచ్చబొట్టు సూదుల విషయంలో ఏమరకూడదు. కలిసి భోంచేస్తే, చేయి కలిపితే, దోమ కుడితే మాత్రం ఈ జబ్బులు రావు. బాధితులను వెలివేయడం అజ్ఞానమే కాదు, అన్యాయం కూడా.

హెపటైటిస్-బికి టీకా ఉంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని దేశంలోనే తయారుచేసి సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు తొలి మోతాదు పడాలి. హెపటైటిస్-సికి టీకా లేదు గానీ, మాత్రలతో చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

ఒకసారి వాడగానే బిగుసుకుపోయే సిరంజీలను పిల్లల టీకాలకు ఎప్పటినుంచో వాడుతున్నారు. ఊళ్లోని ఆర్ఎంపీ గది దాకా ప్రతిచోటా అవే ఉండేలా ప్రభుత్వాలు చూడాలి. మాత్రతో తగ్గే జ్వరానికి సూది వేయమని మనమూ పట్టుబట్టకూడదు. తప్పనిసరైతే సిరంజీ ప్యాకెట్ కళ్లముందే విప్పమని మొహమాటపడకుండా అడగండి.